ఆదెన్న ఎండబెట్టిన ఫోన్లు

ఫోను కనబడితే చాలు, దాన్ని ఎండలో పెట్టందే ఆదెన్నకు అన్నం సహించదు. "సార్, ఆయన మన ఫోన్లన్నీ మాడ్చేస్తున్నాడు" అని మేనేజరు చెవిలో ఊదినవాడు మల్లికార్జున. దాంతో ఆదెన్న కుర్చీని ఏసీ గదిలోంచి తీసి మిద్దె మీది రేకుల షెడ్డులో వేశారు. అనంతపురంలో, ఏప్రిల్‌లో, రేకుల షెడ్డు!

మరునాడు ఆదెన్న మాడిపోయేది కళ్ళారా చూద్దామని మల్లికార్జున మెట్లెక్కాడు. ఆదెన్న నెత్తిన తడిగుడ్డ వేసుకుని పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

"రాప్పా మల్లీ! ఏం ఎండప్పా ఇది! ఎవురు ఇప్పించినారో గానీ వాళ్ళ కడుపు సల్లగుండ!"

మల్లికార్జున కడుపు భగ్గుమంది.

వాళ్ళ ఆఫీసు సైన్యం కోసం ఒక యాప్ తయారుచేస్తోంది. గాయపడ్డ జవాను బటన్ నొక్కితే, అతనున్న చోటు తోటివాళ్ళ ఫోన్లలో వెంటనే కనబడాలి. ఆ బటన్ పని మల్లికార్జునది. దాని వేగాన్ని పరీక్షించే పని ఆదెన్నది. ఎడారిలో జరిగే చివరి పరీక్షకు ఒక్కరినే పంపుతారు. అక్కడికి వెళ్ళినవాడి ఉద్యోగం పర్మనెంటు. ఆ ఒక్కడూ ఆదెన్నే అవుతాడని మల్లికార్జునకు కునుకు పట్టడం లేదు.

దానికి తగ్గట్టే ఆదెన్న ఏం చేసినా చెల్లిపోయేది. నడకలో బ్యాటరీ ఎంత ఖర్చవుతుందో చూడాలని శింగనమల పోయి, నారాయణప్ప అనే కాపరి గొర్రెల మెడలకు ఫోన్లు కట్టాడు. ఆఫీసు తెర మీద దళం బ్రహ్మాండంగా కదులుతోంది. ఉన్నట్టుండి చెల్లాచెదురైంది.

"ఏమైందయ్యా?" మేనేజరు ఫోన్లో అరిచాడు.

"మందలో కుక్క పడింది సార్. ఒక్క జవాను మాత్రం బెదర్లేదు. టమోటా తోటలో మేస్తాండాడు."

మేనేజరు పడీపడీ నవ్వాడు. తాను చెప్పిన ఏ జోకుకూ ఆయన పెదవైనా కదిపిన పాపాన పోలేదే అని మల్లికార్జున కుమిలిపోయాడు.

పైగా అందరి పనినీ ఒకసారి చూసి వదిలే ఆదెన్న ఇతని బటన్‌ను మాత్రం పట్టుకుని వేలాడేవాడు.

"ఫోను కాగితే నీ బటన్ నిద్రపోతాండాది. మళ్ళీ చెయ్యి."

"నిన్ననే చేసినా కదన్నా!"

"నిన్న మబ్బు పట్టిండె. మళ్ళీ చెయ్యి."

ఈ ముసలి గద్ద నోరు మూయించాలన్న కసితో మల్లికార్జున పళ్ళు నూరుకుంటూ మళ్ళీ రాసేవాడు.

మే నెలలో ఒక మేజరు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఫోన్లు పరిచారు. మ్యాపు బిగుసుకుపోయింది. సందేశాలు నత్తనడక నడిచాయి. మల్లికార్జున బటన్ ఒక్కటే నొక్కీనొక్కకముందే పక్క ఫోన్లను గొల్లుమనిపించింది.

"ఎడారికి ఎవరు వస్తున్నారు?" అన్నాడు మేజరు.

మేనేజరు ఆదెన్న వైపు చూశాడు. ఆదెన్న మల్లికార్జున రెక్క పట్టుకుని ముందుకు తోశాడు. "ఈయప్ప సార్. నాకు ఆ ఎండ పడదు."

అనంతపురం ఎండను పాయసంలా తాగే మనిషి ఆ మాట అంటుంటే మేజరు ఒక్కడే నమ్మాడు.

రైలెక్కించడానికి కూడా ఆదెన్నే వచ్చాడు. మల్లికార్జున ఉండబట్టలేక అడిగేశాడు. "అన్నా, అందర్నీ వదిలి నా బటన్ మీదనే ఎందుకట్లా పడినావు?"

"అది నొక్కేటోడు చావుబతుకుల్లో ఉంటాడప్పా. మిగిలినోళ్ళకు రెండుసార్లు చెప్తే లీవు పెడతారు. నీకు నామింద కుళ్ళు కదా, నువ్వు వదలవు."

మల్లికార్జున తల దించుకున్నాడు. రైలు కదిలింది. ఆదెన్న కిటికీ పక్కనే నడుస్తూ అన్నాడు:

"ఆడ కుళ్ళుకునేకి ఎవురూ దొరక్కపోతే పని సాగదు నీకు. అట్లైతే నాకు ఫోన్ చెయ్యి మల్లీ. నేనీడ ఎంత సుకంగా ఉండానో చెప్తా!"