ప్లగ్గు రంగు

మొన్న ఆదివారం యాప్రాల్‌లో మా మేనల్లుడి ఇంటికి వెళ్ళేసరికి, వాడు తన మోటార్‌సైకిల్‌కు ఒక వైరు తగిలించి, దాని రెండో కొసను లాప్‌టాప్‌కు గుచ్చి, వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇంజను విప్పించి పెద్దది చేయించాడట. ఏ వేగంలో దానికి ఎంత పెట్రోలు అందాలో తెర మీద అంకెలు మార్చి సరిచేస్తున్నాడు. వాడి చేతికి చుక్క నూనె అంటలేదు. అరవై దాటిన నాకు మాత్రం భయం పట్టుకుంది.

ఎందుకో మా కాలం వాళ్ళకు తెలుస్తుంది. అప్పట్లో మేడ్చల్‌లో నాకొక రేకుల షెడ్డు ఉండేది. వీడి తండ్రి, అంటే మా అక్క భర్త, పెట్రోల్లో నూనె కలిపి నడిపే తన టూ స్ట్రోక్ బండికి సిలిండరు బోరు పెద్దది చేయించుకుని, వేరే బండిది పెద్ద కార్బొరేటర్ బిగించమన్నాడు. అందులో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు సైజులవారీగా మాకెక్కడ దొరికేవి? ఉన్న ఇత్తడి జెట్టు రంధ్రాన్ని టంకంతో మూసి, సన్నటి సూదితో మళ్ళీ పొడిచి, ఎంత పెట్రోలు పోవాలో అలా తేల్చేవాళ్ళం. తప్పొప్పులు చెప్పేది ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు. బండిని పూర్తి వేగంతో తోలి, ఆ వేగంలోనే ఇంజను ఆపేసి, క్లచ్చి పట్టి పక్కకు తీసి, అక్కడికక్కడే ప్లగ్గు విప్పి చూడాలి. టీ రంగుంటే సరి, నలుపైతే పెట్రోలు ఎక్కువ, తెలుపైతే తక్కువ. తక్కువైందా, వేడికి పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది, ఆ పైన నడిపేవాడి గతి దేవుడికే ఎరుక.

ఆ రోజు పొద్దున నేనే తోలి చూశాను. సరిగ్గా ఇంజను ఆపాల్సిన చోట బర్రెలు అడ్డమొచ్చాయి. వాటి వెనకే మెల్లగా షెడ్డు దాకా నడుపుకొచ్చి ప్లగ్గు విప్పితే నల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువైందనుకుని జెట్టు రంధ్రాన్ని ఇంకాస్త సన్నం చేశాను. ఆ నలుపు నెమ్మదిగా నడపడం వల్ల పట్టిన మసి అని నా మట్టిబుర్రకు తట్టలేదు. బావ వచ్చి, శామీర్‌పేట దాకా ఒక్క ఊపున పోయొస్తానని బండెక్కాడు.

చేతులు కడుక్కుంటుంటే షెడ్డు ముందు నుంచి అవే బర్రెలు తిరిగి పోతూ కనిపించాయి. పొద్దున వాటి వెనక నెమ్మదిగా నడిపిన సంగతి అప్పుడు తట్టింది; సబ్బు అక్కడే పడేసి స్కూటరు తీశాను.

అక్కకప్పుడు ఏడో నెల. ఆ దారంతా స్కూటరు ఎలా తోలానో తెలియదు. ఎదురొచ్చే ప్రతి లారీ డ్రైవరు ముఖంలో, వెనకాల ఏదైనా చూసి వస్తున్నాడా అని వెతికాను. అక్కకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ కుదరలేదు. శామీర్‌పేట వచ్చింది, బావ లేడు. ఇంకా ముందుకు పోతే అలియాబాద్ దగ్గర రోడ్డు మీద పొడుగ్గా ఒక నల్లటి టైరు గీత, తారు అంచు దాటి మట్టిలోకి దిగి ఉంది. స్టాండు వేయడం మరిచి దిగేశాను, స్కూటరు దభేలున పడింది.

ఆ చప్పుడుకు పక్కనున్న హోటల్లోంచి బావ లేచి వచ్చాడు. మోచేయి చెక్కుకుపోయింది, చేతిలో చాయ్ గ్లాసు ఉంది. రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్చి మీదే ఉంచే అలవాటు ఆయన్ని బతికించింది, వెంటనే క్లచ్చి నొక్కి బిగుసుకున్న చక్రాన్ని విడిపించుకున్నాడు. "ఇంజన్ పట్టేసింది బామ్మర్ది. పెట్రోల్ల నూనె తక్కువ కలిపినట్టున్న, తప్పు నాదే. మీ అక్కకు చెప్పకు, పరేషాన్ అయితది" అన్నాడు.

ఇంజను మళ్ళీ కట్టేటప్పుడు జెట్టు రంధ్రాన్ని గుట్టుగా పెద్దది చేశాను. బావ మాత్రం అప్పటి నుంచి నూనె రెండింతలు కలిపేవాడు. ఆయన బండి పొగ చూసి చుట్టాలంతా నవ్వేవాళ్ళు, సిగ్గులేకుండా నేనూ నవ్వాను. నిరుడు ఆయన పోయేదాకా తప్పు నాదని చెప్పలేకపోయాను.

మేనల్లుడు బండెక్కుతుంటే, క్లచ్చి మీద రెండు వేళ్ళు ఉంచమన్నాను. "గిప్పటి బండ్లు గట్ల పట్టెయ్యవు మామా, ఫికర్ జేయకు" అని నవ్వుతూనే, అచ్చం వాళ్ళ బాపులాగా వేళ్ళు పెట్టాడు. వాడు తిరిగొచ్చేదాకా నేను గేటు వదల్లేదు. ఏ రోజు ఏ అంకె మార్చిందీ ఆ లాప్‌టాప్‌లో మొత్తం ఉంటుందట, ఎవరూ దాచలేరట. మా రోజుల్లో జెట్టులో ఏం చేశామో జెట్టు చెప్పేది కాదు, మనిషే చెప్పాలి. చెప్పడానికి నాకు అన్నేళ్ళు దొరికాయి, ఇప్పుడు వినడానికి బావ లేడు.