ఖాళీ కారుకు కొలిచిన చక్రం

నిన్న వికారాబాద్‌లో మా షాపు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగుతూ ఓ కారు జర్రుమంది. టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకునే చప్పుడు అది. కాలిన రబ్బరు వాసన లోపలిదాకా వచ్చింది. పన్నెండేళ్లు దాటినా ఆ చప్పుడు వింటే నా చెవులు వేడెక్కుతాయి. తాండూరు బీరయ్య కాక గుర్తొస్తాడు.

ఆయన నాకు చుట్టం కాదు. గొర్రెల కాపరుల ఇంట పుట్టి, టైర్ల షాపు పెట్టుకున్న మనిషి. ఐటీఐ చదివిన ఆడపిల్లనైన నన్ను పనిలో పెట్టుకున్నాడని బజారంతా నవ్వితే, "నట్టుకు తెల్వదు, తిప్పేది మొగోడా ఆడిదా అని" అన్నాడట. కారుకు వేరే రిమ్ములు వేయాలంటే ఆయనకో పద్ధతి ఉండేది. మడ్‌గార్డు లోపలి అంచుకు తడిపిన నాపరాతి పొడి పూసేవాడు. వెనక సీటు మీద గోనెసంచి పరిచి, మనుషుల బరువుకు బదులు నాపరాళ్లు పేర్చేవాడు. గతుకుల్లో ఓ చుట్టు తిప్పి తెచ్చి, పొడి ఎక్కడ చెరిగిందో చూసేవాడు. నాకది చాదస్తంగా తోచేది. కొలతలు కాగితం మీద ఉండగా రాళ్లు మోయడమెందుకని లోలోపల విసుక్కునేదాన్ని.

ఓ మధ్యాహ్నం కాక భోజనానికి వెళ్లినప్పుడు మోమిన్‌పేట్ రైతు ఒకాయన కారు తెచ్చాడు. చక్రాలు బయటికి కనబడాలని ఆయన ముచ్చట. పాత రిమ్ము వెడల్పు ఆరంగుళాలు, ఆఫ్‌సెట్ నలభై ఐదు. అంటే రిమ్ము నడిమధ్య నుంచి, నట్లు బిగించే ముఖం నలభై ఐదు మిల్లీమీటర్లు బయటి వైపుకు ఉందన్నమాట. ఆ సంఖ్య తగ్గితే చక్రం అంత బయటికి వస్తుంది. నేను ఏడంగుళాల వెడల్పు, ముప్పై ఐదు ఆఫ్‌సెట్ ఎంచాను. వెడల్పు వల్ల అర అంగుళం, ఆఫ్‌సెట్ వల్ల పది మిల్లీమీటర్లు. మొత్తం ఇరవై మూడు మిల్లీమీటర్ల దాకా చక్రం బయటికొచ్చింది. నిలబెట్టిన కారుకు వేలు పెట్టి చూస్తే సందు బాగానే ఉంది. రాళ్లెక్కిస్తే కొత్త సీటు కవర్లు పాడవుతాయని ఆయన గునిశాడు. నాకూ కావలసిందదే. పంపేశాను.

కాక రాగానే అడిగాడు. "ఎంతమంది ఎక్కిన్రు?"

"ఆయన, భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు. అనంతగిరి ఘాట్ మీదికెల్లి ఇంటికి పోతరంట."

"ఎంత బరువు పెట్టి చూసినవ్?"

"ఖాళీ బండే చూసిన కాకా."

ఆయన అరవలేదు. "ఘాట్ మలుపుల బండి కుంగితే టైరు కోసుకపోతది బిడ్డా. ఫోన్ చెయ్. నువ్వే చెయ్."

"తప్పు నాది సారూ, ఘాట్ ఎక్కకుండ్రి, ఉన్నకాడనే ఆగుండ్రి" అని ఫోన్‌లో చెప్పాను. వాళ్లు అప్పటికే ఘాట్‌కు ముందున్న ధారూర్ చేరారట. ఆ రైతు షాపులోనే వదిలివెళ్లిన పాత చక్రాలను ట్రాలీ ఆటోలో వేసుకుని కాకా నేనూ వెళ్లాం. వెనక టైరు పక్క అంచున అప్పటికే గోరు లోతున కోత పడింది. పిల్లలిద్దరూ ఆ కారు నీడలోనే ఆడుకుంటున్నారు. ఏడుపొచ్చింది. మొహం తిప్పుకుని జాకీ పెట్టాను.

నాలుగు చక్రాలూ నాతోనే మార్పించాడు కాక. పక్కనే నిలబడి చూశాడు గానీ చేయి పెట్టలేదు. అంతా అయ్యాక ఆ రైతు తల్లి మాత్రం కారెక్కనంది. "ముందుగాల బిగిచ్చింది గీ పిల్లనే గద. మల్ల గీమె బిగిస్తె నేనెట్ల కూసుంట? బస్సుల పోత."

ఆమె మాటలో తప్పేమీ లేదు. స్పానర్ అక్కడే పడేసి, ఈ పని మానేసి ఇంటికి వెళ్లిపోదామనిపించింది నాకు.

కాక తలుపు తీసి, నేను ఆఖరున బిగించిన వెనక చక్రానికి సరిగ్గా పైనున్న సీట్లో కూర్చున్నాడు. చిన్న పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు. "దా అమ్మా, కొండ దాటేదాంక నేనొస్త. సుజాతా, ఆటో తీస్కొని ఎనుక రా."

ముసలమ్మ ఆయన్ని కాసేపు చూసి ఎక్కింది.

ఘాట్ పొడుగునా నేను ఆ ఒక్క చక్రాన్నే చూస్తూ ఆటో నడిపాను. కాక పోయి మూడేళ్లయింది. ఈ రోజుకీ ఎవరి కారుకు నట్టు బిగించినా, ఆ చక్రం మీద ఆయన కూర్చుని ఉన్నట్టే బిగిస్తాను.