నూనె బల్ల మీద లుంగీల బేరం

బెజవాడలో ఆయుర్వేదం చేయించుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. వైద్యం బల్ల మీద వెల్లకిలా పడుకుని, నోరు విప్పకుండా, కాలు కదపకుండా, తను పనిచేసే కొట్టు కొంప ముంచినవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. నన్ను చూడండి. ఇప్పుడు చెప్పబోయేది ఆ ముంపు సంగతే.

యుద్ధం రోజులు. మిల్లు బట్టకి కంట్రోలు వచ్చి జనమంతా మగ్గం బట్ట మీద పడ్డారు. నేను వీరయ్యగారి టోకు బట్టల కొట్టులో గుమాస్తాని. మాది పామర్రు పక్క పల్లె, నేతపని ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేసేవాడు. కొడుకు బెజవాడలో తెల్ల పరుపు మీద కూర్చుని అమ్ముతున్నాడని ఊరందరికీ చెప్పుకునేవాడు. నిజానికి నన్నింకా ఎవరూ పరుపు మీద కూర్చోనివ్వలేదు. పెద్ద వర్తకులతో ధర తేల్చే చోటది. నేను నిలబడి బేళ్ళు విప్పేవాణ్ణి, మడతలు పెట్టేవాణ్ణి, మళ్ళీ విప్పేవాణ్ణి. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఆ రద్దీలో కొన్నాళ్ళకి నా చేతులు నా మాట వినడం మానేశాయి. ఊరెళ్ళినప్పుడు అమ్మ విస్తరి వేస్తే దాని అంచు బొటనవేలితో నలిపి నేత చూసేవాణ్ణి. గుళ్ళో పూజారిగారు తీర్థం ఇవ్వబోతే "ఇంతకంటే తగ్గదండి" అన్నాను. ఒకరోజు వీరయ్యగారి భుజం మీది కండువా తీసి, శుభ్రంగా మడిచి, అలమరలో సర్దేశాను. ఆయన దానికోసం భోజనాలవేళ దాకా వెతుక్కున్నారు.

"నాంచారయ్యా, నీకు అలుపు తలకెక్కిందిరా," అన్నారాయన కండువా దొరికాక. "భవానీపురంలో ఆచార్యులుగారని వైద్యుడున్నారు. వెళ్ళి చూపించుకో. దసరా సరుకు దిగేలోపు మనిషివై వస్తే పరుపు మీద కూర్చోబెడతాను. లేదా, వెళ్ళి మీ నాన్న పక్కనే ఇంకో మగ్గం వేయించుకో."

మగ్గం అంటే నాకు చిన్నచూపు కాదు. నాన్న ఊళ్ళో తలెత్తుకోలేడని భయం.

ఆచార్యులుగారు నా మణికట్టు మీద మూడు వేళ్ళుంచి కళ్ళు మూసుకున్నారు.

"వాతం పెరిగింది. తిండీ నిద్రా లేకుండా ఒళ్ళు అరగదీసుకున్నావు. రోజూ నూనె పట్టించాలి, కషాయం తాగాలి, చప్పిడి కూడు తినాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడున్నంతకాలం మాట్లాడకూడదు."

"వ్యాపారం గురించాండీ?"

"దేని గురించీ. ఇప్పుడు కూడా."

నాకు మామిడికాయ ముక్కకి పట్టించినట్టు నూనె పట్టించి, బల్ల మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పారు. మొదట్లో స్వర్గంలాగే ఉంది. ఆ తర్వాత పక్క బల్ల మీదికి మస్తాను సాహెబుగారు వచ్చారు. పామర్రులో పేరున్న బట్టల వర్తకులు, మా కొట్టుకి పాత ఖాతాదారు. మోకాళ్ళ నొప్పులకి వైద్యం. ఆయనకీ నూనే, ఆయనకీ మౌనమే.

ఆయన్ని చూడగానే నాకు మా కొట్టు వెనక గది గుర్తొచ్చింది. ఆ గదిలో గళ్ళ లుంగీలు ఎంతకీ కదలక మూలుగుతున్నాయి. ఆ గళ్ళు ఎంత పెద్దవంటే, కట్టుకున్నవాడు ఎదురొస్తుంటే కిటికీ నడిచొస్తున్నట్టుండేది. వాటిని సాహెబుగారికి అంటగట్టానంటే పరుపు నాదే.

మాట్లాడకూడదు, నిజమే. కానీ మా వ్యాపారంలో అసలు ధర నోటితో చెప్పనే చెప్పరు. తుండుగుడ్డ కప్పి, దానికింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకుని చెబుతారు, ఎన్ని వేళ్ళు పడితే అన్ని రూపాయలు. పక్కవాడికి తెలియదు. చివర్లో అరచెయ్యి గట్టిగా నొక్కితే బేరం ఖాయం. ఇక ఆకాశం విరిగిపడ్డా మాట వెనక్కి పోదు.

నేను దుప్పటి కింద నుంచి చెయ్యి చాచాను. సాహెబుగారు కళ్ళు తెరిచి, నావైపు చూసి, ఆయన చెయ్యీ చాచారు. ఆశకి పోయి మూడు వేళ్ళు పట్టుకున్నాను. ఆయన నాలుగు పట్టుకున్నారు.

కొనేవాడు ధర పెంచడం నేనెప్పుడూ చూడలేదు. పాపం, కషాయం తలకెక్కినట్టుంది అనుకున్నాను. అయినా నాకేం పోయింది. అయిదు పట్టుకున్నాను. ఆయన జాలిగా నావైపు చూసి, చెయ్యి నొక్కేశారు. నేనూ నొక్కాను. ఇద్దరం నవ్వుకుంటూ కళ్ళు మూసుకున్నాం.

అంతలో ఆచార్యులుగారు నాడి చూడటానికి వచ్చారు.

"ఇదేమిటయ్యా, గుర్రం పరుగెత్తినట్టు కొట్టుకుంటోంది. ఏం చేశావు?"

"పడుకున్నానండి."

"మాట్లాడకు."

సాహెబుగారి నాడి చూశారు. అదీ అంతే. ఈ గదిలో గాలి మంచిది కాదని కిటికీలు మూయించి, ఇద్దరికీ కషాయం రెట్టింపు చేశారు.

సాహెబుగారు ఆ సాయంత్రమే చీటీ రాసి పామర్రు పంపారు, సరుకు ఎత్తించడానికి బండి పిలిపిస్తున్నారనుకున్నాను. నాలుగోనాడు పొద్దున్నే వీరయ్యగారు జట్కా దిగి వచ్చారు. మెచ్చుకోవడానికే అనుకుని లేచి కూర్చున్నాను.

"సరుకు ఎత్తించారాండీ?"

"ఎత్తించడమేమిట్రా. పామర్రు బండి వచ్చి మన గుమ్మంలో సరుకు దింపుతోంది. నువ్వే చెయ్యి నొక్కి కొన్నావట."

"కొనలేదండి, అమ్మాను."

పక్క బల్ల మీద సాహెబుగారు లేచారు. "అమ్మింది నేను బాబూ. నేను నాలుగంటే నువ్వే అయిదన్నావు. కొనేవాడు ధర పెంచుతాడా, కుర్రాడికి కషాయం పడలేదేమో అనుకున్నా."

"నేనూ మీ గురించి అదే అనుకున్నానండి."

కొట్టులో అయితే సరుకు ఇద్దరి మధ్యా ఉంటుంది. వేళ్ళు ధర చెబితే చాలు. ఇక్కడ మా మధ్య ఉన్నది నూనె గిన్నె ఒక్కటే. ఎవరు అమ్ముతున్నారో, ఏం అమ్ముతున్నారో ఏ వేలు చెబుతుంది.

"ఇంతకీ ఏం సరుకండీ?" అన్నాను.

వీరయ్యగారు చంకలోని మూట విప్పారు. గళ్ళ లుంగీ. కిటికీ అంత గళ్ళు. అంచున మా కొట్టు ముద్ర. నిరుడు మేమే సాహెబుగారికి అంటగట్టినవి, పామర్రులో కూడా ఎవరూ కట్టుకోనివి.

నొక్కిన చెయ్యి నొక్కినట్టే. ఇద్దరూ మాట తప్పే మనుషులు కారు. ఆయన లుంగీలు మేం కొన్నాం, మా లుంగీలు ఆయన కొన్నారు, అదీ ఒకే ధరకి. తెచ్చిన బండిలోనే మావి ఎక్కించి పంపాం. దింపినవే మళ్ళీ ఎందుకు ఎక్కిస్తున్నారని బండివాడు చాలాసేపు వాదించాడు.

సంగతి విన్న ఆచార్యులుగారు వచ్చి వీరయ్యగారి మణికట్టు పట్టుకున్నారు. "వీళ్ళిద్దరి కంటే మీదే ఎక్కువ పరుగెడుతోంది," అన్నారు. వీరయ్యగారు చొక్కా విప్పి మూడో బల్ల మీద పడుకున్నారు.

"ఆ లుంగీలన్నీ అమ్మిన రోజు పరుపెక్కరా," అన్నారు పడుకునే.

అమ్మేసరికి యుద్ధం అయిపోయింది. నాన్న మాత్రం ఊళ్ళో తల దించలేదు. "మావాడు ఒక్క నొక్కుడుకి కొన్నాడు, అమ్మాడు" అని గొప్పగానే చెప్పుకున్నాడు.

ఇక నా శపథం. నూనె మీద ఒట్టు, కషాయం మీద ఒట్టు, ఆ గళ్ళ మీద ఒట్టు. వైద్యుడు నాడి చూస్తానని చెయ్యి పట్టుకున్నా సరే, అమ్ముతున్నారా కొంటున్నారా అని ముందు నోటితో అడుగుతాను.