పురిటి మూట

ఎవరింట కాన్పయినా, పురుడు వెళ్లేదాకా ఆ బట్టలు ఉతికేది చిలుకమ్మే. నెల్లికుదురు దగ్గరి ఆ ఊళ్లో ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానలోనే. ఇంటికొచ్చాక నెత్తుటి బట్టల మూట మాత్రం ఆమెదే. గోడచాటున పెడతారు. ఎవరూ విప్పరు, మగవాళ్ల కంట పడనివ్వరు. ఆమె ఎల్లమ్మ తల్లికి దండం పెట్టుకుని నెత్తికెత్తుకునేది. బాలింతలు భయపడి అడిగితే, "అందరికి అయ్యేదే బిడ్డా, చెడు నెత్తురు పోతాంది" అని తల నిమిరేది.

ఆ మాటే కన్నబిడ్డ కళ్యాణికీ చెప్పింది. కాన్పుకు పుట్టింటికొచ్చిన బిడ్డ బట్టలను వాగులో మరక ఆనవాలు లేకుండా ఉతికి ఆరేసింది. అవి ఆరకముందే కళ్యాణి ప్రాణం పోయింది. మానుకోట దవాఖానలో నర్సమ్మ చిలుకమ్మ చెయ్యి పట్టుకుని, "కాన్పయినంక గిట్ల నెత్తురు పోవుడు చానమందికి ఉంటదవ్వా. అందుకే జల్ది తీస్కరావాలె" అంది.

చానామందికి ఉంటుందనే కదా తను ఊరుకున్నది!

నిరుడు కనకయ్య కోడలు ప్రవళిక కాన్పయి ఇంటికొచ్చింది. పొద్దున ఒక మూట ఉతికిందో లేదో, చిలుకమ్మకు మళ్లీ కబురు. రెండో మూట ఎత్తితే తడి భుజం మీదికి కారింది.

"రాములక్కా, పిల్లను దవాఖానకు తీస్కపోర్రి."

"బట్టలుతికెటోళ్లు గూడ డాక్టర్లయిర్రా? మేం కనలేదా?" అంది ప్రవళిక అత్త రాములమ్మ.

లోపల మంచంలోంచి ప్రవళిక సన్నగా మూలిగింది. "అవ్వా, ఒళ్లంత చల్లగైతాంది."

చిలుకమ్మ మూటను వాకిట్లోకి తెచ్చి కనకయ్య ముందర విప్పి పరిచింది. "చూడు కనకన్నా! మొకం తిప్పకు, చూడు!"

"ఛీ! ఇంటి ఇజ్జత్ వాకిట్ల పరుస్తవా?" రాములమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కనకయ్య ముఖం తిప్పుకునే, ఆటో నడిపే యాకయ్యకు ఫోన్ చేశాడు. వచ్చిన యాకయ్య తన ఇంట్లోంచి తెచ్చిన దుప్పటి సీటు మీద పరిచాడు.

ప్రవళిక బతికింది.

పురుడు నాడు చిలుకమ్మకు పిలుపు రాలేదు. ఆమెకు పెట్టాల్సిన చీర బట్టలుతికే పక్కూరామెకు పెట్టారు. "దానికిస్తే వాకిట్ల పరుస్తది" అని తక్కిన ఇళ్లవాళ్లూ మూటలు దాచి, చీకట్లో తామే ఉతుక్కుంటున్నారు.

ఇప్పుడు ఎవరింట కాన్పయిందని తెలిసినా చిలుకమ్మ ఆ గడప బయటే నిలబడుతుంది.

"ఉతకనియ్యకుంటే మానె, జర చూడనియ్యిర్రి."

తలుపు వేసుకుంటారు.