కనకరాజు ఎడమ చెయ్యి

మా నాచారంలో మోటారు కాలిపోతే ముందుగా గుర్తొచ్చేది కనకరాజే. కాలిన తీగ విప్పి కొత్త తీగ చుట్టడం అతని పని. జనగామ వైపు నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో జుట్టు నెరిసేదాకా అదే చేశాడు. పనికి వంక పెట్టలేం. కానీ రేపు ఇస్తానంటే ఆ రేపు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మా నీళ్ల మోటారు కోసం నేను అతనితో పోట్లాడని ఎండాకాలం లేదు.

అతనిలో ఒక వింత ఉంది. ఇనుము ముట్టుకోవాల్సి వస్తే చాలు, ఎడమ చెయ్యి వీపు వెనక్కి పోతుంది. మోటారే కానక్కర్లేదు. మెట్రో మెట్ల కమ్మీ పట్టుకున్నా అంతే, గుళ్లో గంట కొట్టినా అంతే. రెండు చేతుల్లో సంచులుంటే రెండూ కింద పెట్టి, ఒక చెయ్యి వెనక దాచుకుని, అప్పుడు మా గేటు తీస్తాడు.

"గా ఎడమ చెయ్యి పెండ్లినాడు మా తల్లిగారింట్ల మర్చిపోయి అచ్చిండు" అని అతని భార్య వెంకటనర్సమ్మ ఎకసెక్కమాడుతుంది.

ఇది నవ్వులాట కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అతనికి పని నేర్పిన ఉస్తాద్ మురళీధర్ అతని కళ్లముందే పోయాడు. రెండు చేతులూ మిషను మీద ఉన్నాయి. కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి, గుండె మీదుగా రెండో చేతిలోకి దిగింది. ఒక చెయ్యి వెనక పెట్టుకొమ్మని రోజూ పోరే మనిషే ఆ రోజు మరిచిపోయాడు.

మా వీధిలో రిటైరైన సైంటిస్టు బుచ్చిబాబు గారున్నారు. ఆయన కూతురు అమృత శిల్పాలు చేస్తుంది. అవి మోగే శిల్పాలు. కాలనీ పార్కులో వేపచెట్టు పక్కన ఒకటి పెడతానంది. ఇనుప కాడకు రాగి ఆకులు, వేప మానుకు ఒక రాగి పట్టీ. ఒక చేత్తో ఆకునూ ఇంకో చేత్తో పట్టీనీ పట్టుకుంటే మధ్యలో మన ఒళ్లే తీగ అవుతుంది. అరచేతి చెమటను బట్టి, నాడి కొట్టుకునే తీరును బట్టి ఒక్కొక్కరికి ఒక్కో శబ్దం వస్తుంది. ఆ కాడా ఆకులూ చేసే పని కనకరాజుకు ఇచ్చింది.

అతను అన్నరోజుకు పని పూర్తిచేయడం నేను చూసింది అప్పుడే. "మనిషి ముట్టుకుంటే మోగుతది, బాగనే ఉన్నది. మరి పొట్లకాయ ముట్టుకుంటే?" అని అమృతను అడిగి, ఉప్పల్ మార్కెట్టు నుంచి సంచీడు కూరగాయలు మోసుకొచ్చాడు. ఆకుకూ పట్టీకీ ఆనించి చూస్తే పొట్లకాయ సన్నగా కూసింది. సొరకాయ బొంగురుగా మూలిగింది. ఎండిన బీరకాయ నోరు విప్పలేదు. "లోపల నీళ్లుంటెనే పాట. మనకైనా గంతే కదా!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కానీ తను మాత్రం ఒక్కసారీ రెండు చేతులూ పెట్టలేదు.

ప్రారంభం రోజు పార్కు నిండా జనం. "మొదటి శబ్దం మీదే అంకుల్" అంది అమృత. కనకరాజు కుడి చేత్తో ఆకు పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఏమీ మోగలేదు.

"రెండో చెయ్యి కూడా పెట్టాలి అంకుల్. ఇందులో ఉన్నది టార్చిలైటు సెల్లంత కరెంటే."

"ఎరుకనే బిడ్డా. మీటరు పెట్టి నేనే సూసిన. నాకు ఎరుకనే, గీ చెయ్యికే ఎరుక లేదు."

ఆకు వదిలి, తన బదులు మోగించడానికి వెంట తెచ్చుకున్న సంచిలోంచి పొట్లకాయ తీశాడు. పార్కంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అతని ముఖం మీద కారుతున్న చెమట చూసి నవ్వు ఆపుకున్నాను.

వెంకటనర్సమ్మ నవ్వలేదు. చెంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. "జరుగు పక్కకు. పొట్లకాయకు కానిది నాకేమైతది?" అంటూ ఒక చేత్తో ఆకు పట్టుకుని, రెండో చెయ్యి వేపచెట్టు వైపు చాపింది.

"వద్దే!" అని కనకరాజు అరిచాడు. పొట్లకాయ కింద పడింది. కుడి చేత్తో ఆకు మీదున్న ఆమె చేతిని తోసేసి ఆకు తనే పట్టుకున్నాడు. ఆమె రెండో చెయ్యి చేరకముందే అతని ఎడమ చెయ్యి వెళ్లి మాను మీది పట్టీని అదిమిపట్టింది.

గుంయ్‌మని బరువైన శబ్దం మొదలైంది. దాని లోపల డబడబమని ఒకటే పరుగు. అది కనకరాజు గుండె. ఇన్నేళ్లుగా వీపు వెనక దాచుకున్న భయమంతా ఆ వేపచెట్టు కింద మోగుతోంది. ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. వెంకటనర్సమ్మ అతని భుజం మీద చెయ్యేసి నిలబడింది. పరుగు మెల్లగా నడకలోకి దిగింది.

వెనక పిల్లలు తోసుకుంటున్నారు. "చాలు అంకుల్, ఇక వదిలేయండి" అంది అమృత.

అతను కళ్లు తెరవలేదు, చేతులు తియ్యలేదు.

"జర ఆగు బిడ్డా. నాకేం గాలేదని మా ఉస్తాద్‌కు ఇనబడాలె."