యూరప్ పెట్టెకి గోనె తరుగు

విమానంలో పెట్టె ఇరవై మూడు కేజీలు దాటకూడదు. మా ఊళ్లో అంత బరువు తూచగలిగింది ధాన్యం కాటా ఒక్కటే. చీపురుపల్లి వెళ్తే పెట్టెలు తూచే చేతి కాటా దొరుకుతుందని తెలుసు. కానీ రెండు వందలు మిగల్చడం మా ఇంట్లో ఒక మతం. ఆ మతాన్ని స్థాపించింది మా ఆవిడ.

యూరప్ టూరు కూడా ఆవిడ పథకమే. ఆవిడ, నేను, వాళ్లమ్మ. వాళ్లమ్మ నాకు సొంత మేనత్త, కాబట్టి అల్లుడి మర్యాదలేవీ నాకు జరగవు. పది రోజుల ఖర్చు ఆవిడ ఒక నోటుబుక్కులో రాసింది. అక్కడ బాత్రూముకి కూడా డబ్బులు తీసుకుంటారని ఎక్కడో చదివి, 'మనిషికి రోజుకి రెండుసార్లు' అని రాసి కింద గీత గీసింది. మంచు కొండ చూసే రోజుకి మాత్రం అంకె వెయ్యలేదు. 'ఎంతైనా' అని రాసింది.

టికెట్లు కొన్న మూడో నెలలో ఆవిడకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. అంతే.

మానేద్దామన్నాను. అత్త ఒప్పుకోలేదు. "అది కట్టిన డబ్బురా. పాడుసేస్తే ఊరుకుంటాదేటి?" అంది. ఆవిడ నిజంగానే ఊరుకునేది కాదు.

ఆవిడ వస్తువులేవీ పెట్టెలో పెట్టొద్దని మాత్రం అత్తకి చెప్పాను. బరువెక్కుతుందని కారణం చెప్పాను.

కాటా తూచేవాడు నాకు వరసకి అల్లుడు. అంకె చూసి, "ఇరవై మూడు మావా. కొలిసినట్టు సరిపోనాది" అన్నాడు. నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చదివినవాణ్ణి. యంత్రం కేసి చూడకుండా మనిషి మాట నమ్మాను.

విశాఖ విమానాశ్రయంలో అదే పెట్టె ఇరవై అయిదు తూగింది. వాడికి ఫోను చేశాను.

"మరి గోనెకీ తాలుకీ రెండు కేజీలు తరుగు తియ్యనేటి మావా? సెయ్యి అలవాటు" అన్నాడు.

నేలమీద కూర్చుని పెట్టె తెరిచాను. అత్త చీరల కింద మా ఆవిడ బూట్లు, ఊలు కోటు. మంచు కోసమని కొనుక్కున్నవి. బూటు అడుగున ధర చీటీ ఇంకా అలాగే ఉంది.

అత్త నా మొహం చూడలేదు. "ఒరే, నా సీరలు తీసెయ్. నానేటి పెళ్లికెల్తన్నానా? అయి మట్టుకు ముట్టుకోకు."

చీరలూ దుప్పటీ తీసి, మమ్మల్ని దింపిన కారు డ్రైవరు చేతికిచ్చి ఇంటికి పంపాను. అత్త యూరప్‌ని రెండు చీరలతో చూసింది.

ముగ్గురికి వేసిన బడ్జెట్టుతో ఇద్దరు వెళ్తే డబ్బు బాగా మిగులుతుంది. ఈ పద్ధతి ఎవరికీ సిఫారసు చెయ్యను. ఆవిడ వాటా బాత్రూము డబ్బులు కూడా మాకే ఉండిపోయాయి. అత్త ఒకరోజు ఆ చిల్లర చేతిలో పట్టుకుని, "ఇదిగో, దీనికీ లెక్కేసింది సూడు" అని నవ్వబోయి మానేసింది.

మంచు కొండ మీద అత్త చేతిసంచీలోంచి బూట్లు తీసింది. టూరు జనానికి కాస్త దూరంగా నడిచి, ఒక బూటు మంచులో నొక్కి ఎత్తింది. అచ్చు పడింది. రెండోది నా చేతికిచ్చింది.

"దీన్ని ముందుకెట్టు."

ముందుకి వంగి నొక్కాను.

"అంత దూరమేటిరా? దాని అడుగు అంతుంటాదా?"

చెరిపి, దగ్గరగా నొక్కాను.

"మరీ ఇంతేటి? అదేమైనా కుంటిదా?"

పద్దెనిమిదేళ్లు ఆవిడతో నడిచాను. సంతకి, పెళ్లిళ్లకి, చీపురుపల్లి స్టేషనుకి. ఎప్పుడూ నేనే ముందు. వెనకనుంచి "కాస్త ఆగు బావా" అనేది. రైలెళ్లిపోతుందనేవాణ్ణి. ఆ రైళ్లలో సగం ఆలస్యంగానే వచ్చేవి.

"నాకు తెలీదత్తా" అన్నాను.

అత్త నన్ను చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చేతిలోంచి బూటు తీసుకుని, మొదటి అచ్చుకి జానెడు ముందు, కాస్త పక్కగా నొక్కింది. మళ్లీ మొదటి బూటు. మళ్లీ రెండోది. వణుకుతూ, వంగి, అలా పది అడుగులు నడిపించింది. నేను వెనకాల నడిచాను, అచ్చులు తొక్కకుండా.

ఇంటికొచ్చాక బూట్లు అరుగు మీద ఎండబెట్టాను. ధర చీటీ నానిపోయి ఊడింది. ఇప్పుడవి వాడిన బూట్లు.