తొక్కని సైకిల్ మీద హుఫూఫ్ యాత్ర

ఆ రోజుల్లో స్నేహితుడి గొంతు వినాలంటే వారం రోజులు ఆగాలి. ఇప్పుడైతే జేబులోంచి ఫోన్ తీసి, తిన్నావా అని అడిగి, అవతలివాడు ఇంకా నములుతుండగానే పెట్టేస్తున్నాం. అప్పట్లో మా సౌదీవాళ్ళకు క్యాసెట్టే ఉత్తరం. టేప్ రికార్డర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎర్ర మీట నొక్కి, గొంతు సవరించుకుని, "అందరికి నమస్తే, నేనిక్కడ మంచిగున్న" అని మొదలుపెడితే అరగంట దాకా ఆగేవాళ్ళం కాదు. ఇంటికి పంపే క్యాసెట్లలో సగం ఏడుపు, సగం ఎవరెవరికి ఏమేం తెస్తామన్న జాబితా ఉండేవి. స్నేహితులకు పంపేవాటిలో ఉన్నదున్నట్టు మాట్లాడుకునేవాళ్ళమని మీరు అనుకోవచ్చు. మిగతావాళ్ళ సంగతి ఏమో గాని, నావి మాత్రం మొదటి నుంచి చివరి దాకా అబద్ధాలే.

జుబైల్‌లో ఫ్యాక్టరీల పక్క క్యాంపులో ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. అందరం కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళమే. అందరిలోకీ పెద్దవాడు ఒక వెల్డర్. ఆయన మాలో ఎవరికీ మేనమామ కాడు, అయినా అందరికీ మామే. కువైట్ యుద్ధం మొదలై సైరన్ మోగిన మొదటి రోజు, విషవాయువు తగలకుండా కంపెనీ ఇచ్చిన ముఖం తొడుగును నేను తలకిందులుగా పెట్టుకుని ఊపిరాడక గింజుకుంటుంటే, తన తొడుగు మంచం మీద పడేసి ముందు నాది సరిచేసినవాడు మామ. (సరిచేసి, "బాంబుతోని గాదుర, నీ తెలివితోనే సస్తవు" అని నెత్తిన ఒకటి మొట్టాడు కూడా.) ఆ మొట్టికాయకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. యుద్ధం అయిపోయాక కూడా కువైట్‌లో మండుతున్న చమురు బావుల పొగ మా దాకా వచ్చేది. ఉతికి ఆరేసిన బనీన్లు మళ్ళీ నల్లబడేవి. అలాంటి రోజుల్లోనే ఇరవై రెండేళ్ళ ప్లంబర్‌నైన నన్ను కంపెనీ ఎనిమిది నెలల పని మీద ఖర్జూర తోటల ఊరు హుఫూఫ్‌కి పంపుతానంది.

వెళ్ళేముందు గదిలోవాళ్ళు నాకొక కానుక ఇచ్చారు. ఎవరో బెంగాలీ ఖాళీ చేసి వెళ్తూ వదిలేసిన పాత సైకిల్‌ని పట్టుకొచ్చి, మామ దాని విరిగిన స్టాండుకు స్వయంగా వెల్డింగ్ చేసి, కొత్త గంట బిగించాడు. "ఆడ తోటలు దూరం దూరం ఉంటయట. తిరిగి చూసి, చూసింది చూసినట్టు మాకు క్యాసెట్ల చెప్పాలె. మేమా ఫ్యాక్టరీ గోడ తప్ప ఏం జూస్తలేము" అన్నాడు. ఏడుగురు నిలబడి నా ముఖం వంకే చూస్తున్నారు. నాకు సైకిల్ తొక్కడం రాదని ఆ క్షణంలో ఎలా చెప్పను? పదేళ్ళప్పుడు అద్దె సైకిల్ ఎక్కి, తిన్నగా పోయి కల్లు కుండల మీద పడి, నెల రోజులు ఊరంతటికీ నవ్వులాటనైన దగ్గర్నుంచి నేను సైకిల్ జోలికి పోలేదు. "మస్తున్నది మామా" అన్నాను. హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళి కంపెనీ పికప్‌లో ఎక్కించాను. ఎక్కి చూపించమని ఎవరైనా అంటారేమోనని వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ పికప్ తోలేది కడప నుంచి వచ్చిన ఒక భాయ్. నలభై దాటిన మనిషి, ఏది చూసినా నవ్వొచ్చే మనిషి. హుఫూఫ్‌లో నాతో పాటు ఒకే గది. ప్రతి గురువారం సామాన్ల కోసం జుబైల్ వెళ్ళి వచ్చేది ఆయనే కాబట్టి మా క్యాసెట్లకు తపాలా బంట్రోతు కూడా ఆయనే. మొదటి వారంలోనే నా బండారం కనిపెట్టాడు. సైకిల్ మంచానికి ఆనించే ఉంది, దాని మీద నా లుంగీలు ఆరుతున్నాయి. మామవాళ్ళకు చెప్పనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. తర్వాత ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని, బండిలో తిరుగుతూ ఆయన చూసినవన్నీ అడిగి తెలుసుకున్నాను. ఊరి బయట కొండ, మండుటెండలో కూడా చల్లగా ఉండే దాని గుహలు, వెచ్చని నీళ్ళు ఉబికే బుగ్గలు, ఎర్ర బియ్యం పండే మడులు, సంతకు తెల్ల గాడిదల మీద వచ్చే ముసలి రైతులు. అన్నీ ఆయన చూసినవే, తొక్కింది మాత్రం నేను. మంచం మీద కూర్చుని గాలిలో కాళ్ళాడిస్తూ, ఆయాసం తెప్పించుకుని, "ఇగో మామా, ఎత్తు ఎక్కుతున్న... హా... హా..." అంటూ మధ్య మధ్య సైకిల్ గంట ట్రింగ్ ట్రింగ్‌మనిపిస్తూ మొదటి క్యాసెట్ నింపాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న కడప భాయ్ పొట్ట పట్టుకుని నవ్వుతూ ఏదో అన్నాడు. ఆయన్ని కసిరి, మీట ఆపి, క్యాసెట్ తీసి కాగితంలో చుట్టి ఇచ్చాను.

ఆ యాత్రలు జుబైల్‌లో బ్రహ్మాండంగా ఆడాయి. శుక్రవారం పొద్దున కోడికూర పొయ్యి మీద పెట్టి, ఎనిమిదో మంచం ఖాళీగా ఉంచి, దాని మీద టేప్ రికార్డర్ పెట్టుకుని అందరూ చుట్టూ కూర్చుని వినేవాళ్ళట. జవాబు క్యాసెట్లలో ప్రశ్నలే ప్రశ్నలు. "ఎత్తు మీద తొడలు గుంజుతున్నయా?" "చైను పడ్తున్నదా?" "గాడిద అడ్డమొస్తే బ్రేకు ముందుది కొట్టినవా, ఎన్కది కొట్టినవా?" నేను ఒక్కోదానికీ ఓపిగ్గా, ఒక ఆరితేరినవాడిలా జవాబు చెప్పేవాణ్ణి. వాళ్ళ మాటల వెనక నుంచి మాత్రం ఎప్పుడూ దగ్గులు, ముక్కు చీదడాలు వినిపించేవి. కువైట్ పొగకు పాపం అందరికీ జలుబు పట్టుకుందని నేనిక్కడ బాధపడేవాణ్ణి. (తేనె తాగమని ఒక క్యాసెట్‌లో సలహా కూడా ఇచ్చాను.)

మూడు నెలలు గడిచాక వచ్చిన క్యాసెట్‌లో దగ్గులు లేవు. మామ గొంతు ఒక్కటే ఉంది. "ఒరేయ్, ఒక పని పడ్డది. మా బావ హుఫూఫ్‌లనే ఏదో ఖజ్జూరు తోటల పనిజేస్తుండె. లడాయి మొదలైనప్పటి సంది చీటీ లేదు, కబురు లేదు. ఊర్లె ఒకడు బాంబు పడ్డదంటడు, ఇంకొకడు జైల్ల పడ్డడంటడు. మా అక్క బువ్వ ముడుతలేదట. నువ్వు తోటలన్ని తిరుగుతవు గద. జర దేవులాడు బిడ్డా. దొరికితే ఆయన గొంతు పట్టుకొని రా. రాతలు ఇంకెవలన్న రాసిన్రేమో అని అక్క నమ్మదు." కొంచెం ఆగి, "తూర్పుకు పెద్ద బుగ్గ ఉంటదట, దాని కాలువ ఎంబడి పోతే ఎర్ర వడ్ల మడులట. గంతే తెలుసు" అన్నాడు. 

నేను ఆ క్యాసెట్ రెండుసార్లు విన్నాను. రెండోసారి వింటుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అన్నం మానేసిన మనిషి కోసం మామ ఏ తోటలూ తిరగనివాణ్ణి నమ్ముకున్నాడు. కడప భాయ్ బండిలో పోదామంటే శుక్రవారం తాళాలు ఫోర్‌మన్ దగ్గర ఉంటాయి, పైగా ఆ కాలువ గట్ల మీద బండి పట్టదు. నడిచిపోతే సెలవున్న ఒక్క రోజులో నాలుగు తోటలు కూడా చూడలేను. లుంగీలు తీసి పక్కన పడేసి, "భాయ్, నాకు నేర్పు" అన్నాను. ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి. ఆరు సాయంత్రాలు పని దిగగానే క్యాంపు వెనక సీటు పట్టుకుని నా వెంట పరిగెత్తాడు. "ముందుకు సూడు నాయనా, నా మొగంలో ఏముండాది! తొక్కు, తొక్కు, నిలబెడితే పడతావు!" మోచేతులు చెక్కుకుపోయాయి, ఆయన చెప్పులు తెగిపోయాయి. ఆరో రోజుకు ఎక్కడం వచ్చింది, తొక్కడం వచ్చింది. దిగడం మాత్రం రాలేదు. ఆగాలంటే గోడనో చెట్టునో వాటేసుకోవాల్సిందే. "ఆగేదెందుకబ్బా, పొయ్యేది వచ్చె గదా, పో!" అని శుక్రవారం పొద్దున్నే దారిలో పెట్టి సీటు వదిలేశాడు.

టేప్ రికార్డర్‌ని గుడ్డలో చుట్టి హ్యాండిల్‌కి వేలాడదీసుకుని బయల్దేరాను. బుగ్గ దొరికింది, కాలువ దొరికింది. ఇక అడగాలి. అడగాలంటే ఆగాలి, అది నాకు రాదు. కాబట్టి కదులుతూనే అడగడం మొదలుపెట్టాను. మనిషి కనబడగానే దూరం నుంచే గంట కొట్టి, "సలాం అలైకుం! హిందీ వేన్? మజ్రా వేన్?" అని అరిచేవాణ్ణి. హిందీ మనిషి ఎక్కడ, తోట ఎక్కడ అని నా అరబ్బీ. వాళ్ళు నోరు తెరిచేసరికి దాటిపోయేవాణ్ణి. కాబట్టి చెట్ల చుట్టూ ఒక పెద్ద చుట్టు తిరిగి, జవాబు అందుకోవడానికి మళ్ళీ వచ్చేవాణ్ణి. ఒక జవాబుకు మూడు చుట్లు. అలా పదో, పదిహేనో తోటలు దాటాక, తెల్ల గాడిద మీద వస్తున్న ఒక ముసలి రైతు చుట్టూ మూడోసారి తిరుగుతుంటే ఆయనకు అనుమానమొచ్చి, కిందికి దిగి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నన్ను ఆపేశాడు. అటూ ఇటూ చూసి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమోనని చూశాడు. నీళ్ళిచ్చాడు, గుప్పెడు ఖర్జూరాలిచ్చాడు. నేను చేతులతో, కళ్ళతో, వచ్చిన నాలుగు ముక్కలతో చెప్పినదంతా విని, గాడిదను వెనక్కి తిప్పి, రమ్మని తల ఊపాడు. ఆ ముసలాయన పేరు కూడా నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఖర్జూరం నోట్లో వేసుకున్నప్పుడల్లా ఆయన్ని తలుచుకోకుండా గింజ ఉమ్మలేదు.

మామ బావ మోకాలి లోతు కాలువలో నిలబడి నాచు తీస్తున్నాడు. బాంబూ పడలేదు, జైలూ లేదు. పైగా కొంచెం పొట్ట కూడా వచ్చింది. నేను ఎవరినో చెప్పి, మీ బామ్మర్ది పంపాడు అనగానే చేతిలో పార జారిపోయింది. "నా మీద కోపంగున్నదా మా ఇంటిది?" అన్నాడు ముందు. గట్టు మీద కూర్చున్నాక అసలు సంగతి బయటికొచ్చింది. "నాకు రాసుడు రాదు తమ్మీ. పక్క తోట జగిత్యాలాయన రాస్తుండె. సౌదీకొచ్చి నేనే నేర్చుకున్నా అని మొదటి చీటీలనే రాయించుకున్న. ఊరంత మెచ్చుకున్రట. లడాయికి భయపడి ఆయన ఇంటికి పోయిండు. ఇప్పుడు ఇంకొకలతోని రాయిస్తే అచ్చరాలు మారవా? చదివిపెట్టే పంతులు కనిపెట్టడా? ఇయ్యాల రేపు నేర్చుకుంటననుకుంట..." అన్నాడు. పక్కన పడున్న సిమెంటు సంచి కాగితం నిండా బొగ్గుతో రాసిన వంకర టింకర 'అ'లు ఉన్నాయి. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. "బావా, నాక్కూడ సైకిల్ తొక్కుడు రాదు" అన్నాను. "మరెట్లొచ్చినవ్?" అన్నాడు. "తొక్కుకుంటనే వచ్చిన. దిగుడు రాదు" అన్నాను. ఆయన నన్ను, నా మోచేతుల్ని, సైకిల్‌ని చూసి ఒక్కసారిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండా ముసలి రైతు కూడా నవ్వాడు.

మీట నొక్కి టేప్ రికార్డర్ ఆయన ముందు పెడితే, తడి చేతులు లుంగీకి తుడుచుకుని దాని మీదికి వంగాడు. మెల్లగా, "బర్రె ఈనిందా?" అన్నాడు. అంతే, ఇక ఆగలేదు. బువ్వ తినమన్నాడు, బతికే ఉన్నానన్నాడు, ఆ రాతలు తనవి కావన్నాడు, ఏడ్చాడు. వచ్చేటప్పుడు సైకిల్ ఆయనకే వదిలేశాను. శుక్రవారం శుక్రవారం మా క్యాంపుకు వచ్చి క్యాసెట్ నింపిపోవడానికి పనికొస్తుందని. గంట మాత్రం విప్పుకుని జేబులో వేసుకున్నాను. ముసలి రైతు గాడిద మీద నన్ను రోడ్డు దాకా దింపాడు. ఆ క్యాసెట్ మామ చేతుల మీదుగా, సెలవు మీద ఇంటికి పోతున్న మరొకరి సంచిలో ఊరు చేరింది. అక్క దాన్ని విని ముందు టేప్ రికార్డర్‌ని బర్రె దగ్గరికి పట్టుకుపోయి, దూడ పుట్టిందని దానికే జవాబు చెప్పిందట. తర్వాత కంచం ముందు కూర్చుందట.

ఎనిమిది నెలలు నిండి జుబైల్ తిరిగొచ్చిన రోజు మామ నన్ను గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కోడికూర వండారు. నేను మళ్ళీ రెచ్చిపోయి, గాడిద అడ్డమొచ్చినప్పుడు బ్రేకు ఎలా కొట్టానో చెప్పడం మొదలుపెట్టాను. మళ్ళీ దగ్గులు మొదలయ్యాయి. మామ లేచి, నా మొట్టమొదటి క్యాసెట్ పెట్టి చివరికంటా జరిపి వదిలాడు. ట్రింగ్ ట్రింగ్. హా... హా... ఆ తర్వాత కడప భాయ్ గొంతు: "సైకిలు తొక్కేది రాదు గానీ, గంట మాత్రం శానా బాగా కొడతాండావు నాయనా!" దాని వెంటే నా గొంతు: "మెల్లగ భాయ్, మామ ఇంటే నా ఇజ్జత్ పోతది!" అప్పుడు గాని మీట ఆపలేదన్నమాట నేను. ఏడుగురూ మంచాల మీద పడి దొర్లారు. మొదటి శుక్రవారం నుంచీ వాళ్ళకు తెలుసు, ఆ దగ్గులన్నీ ఆపుకున్న నవ్వులే. తెలిసీ ప్రతి వారం కోడికూర పొయ్యి మీద పెట్టుకుని నా యాత్రల కోసం ఎదురు చూశారు. "మరి తెలిసి గూడ నన్నెందుకు దేవులాడ పంపినవ్ మామా?" అన్నాను. మామ నవ్వు ఆపాడు. "సైకిల్ మీద పోతవని పంపలేదుర. నడుసుకుంటనన్న పోతవని పంపిన" అన్నాడు. ఈసారి నేనూ దగ్గాను.

ఇప్పుడు మోకాళ్ళు అరిగాయని డాక్టర్ చెబితే మా అమ్మాయి ఇంట్లో వ్యాయామం సైకిల్ ఒకటి తెచ్చి పెట్టింది. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటుంది, దిగడం కష్టం కాదు. అచ్చంగా నా కోసమే చేసినట్టుంది. దాని హ్యాండిల్‌కి ఆ పాత గంట బిగించుకున్నాను. శుక్రవారం పొద్దున ఊరి నుంచి మామ ఫోన్ చేస్తాడు. ఆయనకు ఇప్పుడు చూపు సరిగ్గా లేదు, గొంతు మాత్రం అదే. "ఎందాక పోయినవుర ఇయ్యాల?" అంటాడు. నేను గంట రెండుసార్లు కొట్టి, కొంచెం ఆయాసం తెప్పించుకుని (ఈ మధ్య అది తెప్పించుకోనక్కర్లేదు, దానంతటదే వస్తోంది), "హుఫూఫ్ దాటిన మామా, బుగ్గ కాడికొచ్చిన" అంటాను. అవతల నుంచి ఒక దగ్గు వినిపిస్తుంది.